గంటా ఇరవై నిమిషాలు అని ఒక్కటే వేయకండి

సంపాదకులకు నమస్కారం.

పోయిన ఆదివారం మీ పేపర్లో విమాన ప్రయాణాల మీద ఒక పట్టిక వేశారు, ఏ ఊరి నుంచి ఏ ఊరికి ఎన్ని కిలోమీటర్లు, ఎంతసేపు పడుతుంది అని. అందులో విశాఖపట్నం నుంచి హైదరాబాద్‌కి 510 కిలోమీటర్లు, గంటా ఇరవై నిమిషాలు అని ఉంది. నేను గాజువాకలో ఉంటాను, స్టీల్ ప్లాంట్‌లో పనిచేసి రిటైరయ్యాను, పదేళ్లుగా ఈ దారిలో ఏడాదికి మూడు నాలుగు సార్లు తిరుగుతున్నాను. ఆ రెండు అంకెలూ తప్పు అనను. కానీ ఆ అంకెలు చూసి మనిషి ఇంట్లో కూర్చుని ఒక నిర్ణయం తీసుకుంటాడు, ఎదుటివాళ్లకి ఒక మాట ఇస్తాడు. ఆ నిర్ణయానికీ ఆ మాటకీ అవి చాలవు. నేను అలాగే మాట ఇచ్చి నిలబెట్టుకోలేకపోయాను, అందుకే ఈ ఉత్తరం. కొంచెం పొడుగైంది, అయినా పూర్తిగా చదవండి.

2025 ఆగస్టులో మా పెద్దక్క పోయింది. కూకట్‌పల్లిలో ఉండేది. తెల్లవారుజామున నాలుగున్నరకి మేనల్లుడు ఫోన్ చేశాడు. ఆ టైంలో ఏం చేస్తాం, మా అమ్మాయి ఫోన్ పట్టుకుని విమానాలు చూసింది. పొద్దున్నే ఒకటి ఉంది, తర్వాత 9:40కి ఒకటి. పొద్దున్నే ఉన్నదానికి నేనూ మా ఆవిడా వెళ్లిపోవచ్చు, కానీ మా తమ్ముడు శ్రీకాకుళం నుంచి రావాలి, వాడు బయల్దేరి వైజాగ్ చేరేసరికి రెండు గంటలపైనే పడుతుంది. 9:40ది ఎక్కినా పదకొండుకి దిగుతుంది అని టికెట్ మీద ఉంది. పదకొండు అంటే ఫరవాలేదు, ముగ్గురం కలిసే వెళ్దాం అనుకుని దానికే తీసుకున్నాం. మేనల్లుడికి నేనే చెప్పాను, పదకొండుకి దిగుతాం రా, పన్నెండుకల్లా ఇంట్లో ఉంటాం అని. వాడు ఆ మాట పట్టుకుని పంతులుగారితో మాట్లాడి పన్నెండున్నరకి బయల్దేరదీయాలని అందరికీ చెప్పేశాడు.

ఆ రోజు ఏం జరిగిందో టైంతో సహా చెప్తాను. ఇల్లు కదిలింది 7:50కి. గాజువాక నుంచి ఎయిర్‌పోర్టు దగ్గరే, 8:15కల్లా ఉన్నాం. తమ్ముడు కూడా సమయానికే వచ్చేశాడు. చేతి సంచులు తప్ప సామాను లేదు. విమానం తలుపు 9:35కి వేశారు, అంతవరకు బాగానే ఉంది. తర్వాత కదల్లేదు. హైదరాబాద్‌లో వాన, అక్కడి నుంచి అనుమతి రావాలి అని పైలట్ చెప్పారు. కదిలింది 10:10కి, గాలిలోకి లేచింది 10:20కి. హైదరాబాద్ దగ్గరికొచ్చాక దిగనివ్వలేదు, మూడు చుట్లు తిప్పారు. గాలిలో అలా ఆపి ఉంచినప్పుడు విమానం రేసు ట్రాక్ లాంటి ఆకారంలో తిరుగుతుంది, మామూలుగా ఒక్కో చుట్టుకి నాలుగు నిమిషాలు. చక్రాలు నేలకి తగిలింది 11:25కి. విమానం ఆగి, మెట్లు పెట్టి, బస్సు ఎక్కించి, మేం బయటికొచ్చేసరికి 11:55. క్యాబ్ దొరికేసరికి 12:15. రింగు రోడ్డు మీద గచ్చిబౌలి వరకు బాగానే వచ్చాం, అక్కడి నుంచి కూకట్‌పల్లికి రోడ్ల మీద నీళ్లు, బండి బండికి తగిలేలా ఉన్నాయి.

మేనల్లుడు పన్నెండున్నరకి చేశాడు, పన్నెండూ యాభైకి చేశాడు, ఒంటిగంటా ఐదుకి మళ్లీ చేశాడు. "మావయ్యా, పంతులుగారు ఇంక ఆగలేనంటున్నారు, వాన కూడా పెరిగిపోతోంది, బయల్దేరదీస్తున్నాం, మీరు నేరుగా అక్కడికే వచ్చేయండి" అన్నాడు. వాడి గొంతులో కోపం లేదు, అలసట ఉంది. మేం శ్మశానవాటిక చేరేసరికి 1:50. మా కోసం ముఖం మీద బట్ట తీశారు. రెండు నిమిషాలు చూసుకున్నాం. తమ్ముడికి ఆ రెండు నిమిషాలూ ఏడుపే సరిపోయింది. పెద్దవాళ్లు, చిన్నపిల్లలు, పొద్దున్నుంచి ఎవరూ పచ్చి మంచినీళ్లు ముట్టకుండా మా కోసం కూర్చున్నారని తర్వాత తెలిసింది. బావగారు ఒక్క మాట అనలేదు.

వాన పడినందుకు నేను ఎవరినీ తప్పుపట్టడం లేదు. వానలో దించకుండా పైన తిప్పినందుకు ఆ పైలట్‌కి దండం పెడతాను, అది మా ప్రాణాల కోసమే. నా బాధ వేరే. ఆ రోజు మేం గాలిలో ఉన్నది చుట్లతో కలిపి గంటా ఐదు నిమిషాలు. ఇంటి గడప దాటిన దగ్గర్నుంచి అక్కని చూసేదాకా ఆరు గంటలు. వాన లేకపోయినా, ఆలస్యం లేకపోయినా, పన్నెండుకి కూకట్‌పల్లి ఇంట్లో ఉంటామని చెప్పడమే తప్పు, అది మామూలు రోజున కూడా కష్టమే. ఆ లెక్క ముందే తెలిసుంటే నేనూ మా ఆవిడా మొదటి విమానానికి వెళ్లేవాళ్లం, తమ్ముణ్ణి వెనక రమ్మనేవాళ్లం. కనీసం మేనల్లుడికి రెండు అవుతుంది అని చెప్పేవాణ్ణి, వాళ్లు రెండున్నరకి పెట్టుకునేవాళ్లు. వందే భారత్ ఎక్కినా, కారులో వెళ్లినా దీనికంటే ముందు చేరేవాళ్లం కాదు. కాబట్టి విమానం ఎక్కడం తప్పు కాదు, టైం చెప్పడంలో తప్పు జరిగింది. టికెట్ మీద అంకె చూసి మాట ఇచ్చేశాను.

ఆ తర్వాత ఈ దూరం, టైం సంగతి కూర్చుని లెక్క కట్టాను. ఉద్యోగమంతా కొలతల మధ్యే గడిచింది, అలవాటు పోదు.

ముందు దూరం. శంషాబాద్ ఎయిర్‌పోర్టు 17.24 ఉత్తర అక్షాంశం, 78.43 తూర్పు రేఖాంశం దగ్గర ఉంది. మన విశాఖ ఎయిర్‌పోర్టు 17.72, 83.22. అంటే ఒకదానికొకటి దాదాపు నేరుగా తూర్పు పడమరలు. రేఖాంశాల్లో తేడా 4.8 డిగ్రీలు, డిగ్రీకి నాలుగు నిమిషాల చొప్పున సూర్యుడు ఇక్కడికంటే అక్కడికి పంతొమ్మిది నిమిషాలు ఆలస్యంగా చేరతాడు. భూమి గుండ్రం మీద ఈ రెండు చోట్ల మధ్య దారం లాగి కొలిస్తే వచ్చేదే మీ పట్టికలోని 510. పైలట్ల లెక్కలో చెప్పాలంటే సుమారు 276 నాటికల్ మైళ్లు, ఒక్కో మైలు 1.852 కిలోమీటర్లు. అదే రోడ్డు మీద విజయవాడ చుట్టి వెళ్తే 620 దాటుతుంది, రైలు పట్టాల మీద సికింద్రాబాద్‌కి సుమారు 700. దారాన్ని నమ్ముకుని విమానం కూడా ఎగరదు. గాలి ఎటు వీస్తోందో చూసుకుని దానికి ఎదురుగా లేవాలి, ఎదురుగా దిగాలి, వాళ్లకి గీసిన దారుల్లోనే వెళ్లాలి, ముందున్న విమానం వెనక వరసలో చేరాలి. మా అమ్మాయి ఫోన్‌లో ఆ రోజు మా విమానం వెళ్లిన గీత చూపించింది, చుట్లతో కలిపి 600 దాటింది.

ఇక టైం. పెద్ద జెట్ విమానం పైన గంటకి సుమారు 830 కిలోమీటర్లు పోతుంది. 510ని దానితో భాగిస్తే 37 నిమిషాలు రావాలి. మరి టికెట్ మీద గంటా ఇరవై ఎందుకు? చాలామంది అడగరు, నేనూ అంతవరకు అడగలేదు. ఆ గంటా ఇరవై గాలిలో ఉండే టైం కాదు. విమానం చక్రాల కింద పెట్టిన దిమ్మలు తీసిన క్షణం నుంచి, అవతలి ఊళ్లో ఆగాక మళ్లీ దిమ్మలు పెట్టే క్షణం వరకు లెక్క. దాన్ని బ్లాక్ టైం అంటారు. వెనక్కి తోయడం, రన్‌వే దాకా నడవడం, అక్కడ వరస, దిగాక మళ్లీ నిలిచే చోటుకి రావడం, అన్నీ అందులోనే. పైగా ఇంత చిన్న దూరంలో విమానానికి పూర్తి వేగం అందుకునే వీలే ఉండదు. పదివేల అడుగుల కింద 250 నాట్లు మించకూడదు, అంటే గంటకి 463 కిలోమీటర్లు. ఎక్కడానికి ఇరవై నిమిషాలు, దిగడానికి అంతకంటే కాస్త ఎక్కువ, మధ్యలో ఒకే ఎత్తులో పోయేది కాసేపే. కాఫీ కప్పు తిరిగి తీసుకునేలోపే కిందికి దిగుతున్నాం అని చెప్తారు, మీరూ చూసే ఉంటారు. ఏ గోలా లేని రోజు గాలిలో యాభై నిమిషాలు, అటూ ఇటూ. వానాకాలంలో పైన గాలులు తూర్పు నుంచి పడమరకి వీస్తాయి, చలికాలంలో ఎక్కువగా పడమర నుంచి, దానివల్ల ఒకటి రెండు నిమిషాలు తేడా వస్తుంది, ఇంత చిన్న ప్రయాణంలో అది పెద్ద విషయం కాదు.

ఆ బ్లాక్ టైంలో విమాన సంస్థలు కొంచెం వదులుగా కూడా పెట్టుకుంటాయి. కారణం ఉంది. చెప్పిన టైంకి పదిహేను నిమిషాల లోపు వస్తే సమయానికి వచ్చినట్టే లెక్క, ఆ లెక్కని డీజీసీఏ, అంటే విమానాల మీద అజమాయిషీ చేసే కేంద్ర సంస్థ, పెద్ద విమానాశ్రయాల వరకు ప్రతి నెలా ప్రకటిస్తుంది. టైం కాస్త ఎక్కువ వేసుకుంటే ఆ లెక్కలో మంచి పేరు వస్తుంది. ఇందులో మోసం ఉందని నేను అనడం లేదు, నిజంగా వరసలో నిలబడాల్సి వస్తుంది కాబట్టే వేసుకుంటారు. కానీ ఆ అంకె ఎవరి అవసరం కోసం తయారైందో తెలిస్తే మంచిది. అది విమానం కోసం వేసిన లెక్క, విమానంలో ఎక్కే మనిషి కోసం కాదు.

మనిషి లెక్క వేరే. సామాను ఉంటే గంట ముందే కౌంటర్ మూసేస్తారు, గేటు దాదాపు 25 నిమిషాల ముందు. ఆ భయంతో రెండు గంటల ముందు ఉండమంటారు, అందరం ఉంటాం. దిగాక ఇంజను ఆపిన ముప్ఫై నిమిషాల్లో చివరి బ్యాగు కూడా వచ్చేయాలని 2024 ఫిబ్రవరిలో విమాన భద్రతా విభాగం సంస్థలకి గట్టిగా చెప్పింది. అంటే ముప్ఫై నిమిషాలు పట్టినా నియమం ప్రకారం సరిగ్గా జరిగినట్టే. ఇటు రెండు గంటలు, అటు అర గంట, మధ్యలో గంటా ఇరవై, అప్పటికే నాలుగు దగ్గరికి వచ్చేశాం, ఇల్లు, క్యాబ్, రోడ్డు ఇంకా కలపలేదు. నేను నా పాత ప్రయాణాలు కొన్ని గుర్తు తెచ్చుకుని, క్యాబ్ రసీదులు కూడా చూసి రాసుకున్నాను. గాజువాక గడప నుంచి కూకట్‌పల్లి గడపకి అన్నిటికంటే తొందరగా వెళ్లింది నాలుగు గంటలా పది నిమిషాల్లో, అది సంక్రాంతి మర్నాడు, హైదరాబాద్ రోడ్లు ఖాళీ. మామూలుగా ఐదు గంటలు. రైలుతో పోలిస్తే ఇప్పటికీ బాగా తక్కువే. 2023 జనవరిలో మొదలైన వందే భారత్‌కి ఎనిమిదిన్నర గంటలు, మా ఉద్యోగాల రోజుల నుంచీ నమ్ముకున్న గోదావరి ఎక్స్‌ప్రెస్‌కి రాత్రంతా. విమానం వద్దని ఎవరికీ చెప్పను. ఐదు గంటలని రాయండి, ఐదు గంటలకి సిద్ధపడి ఎక్కుతాం.

మనవాళ్లు ఎయిర్‌పోర్టులని ఏ పేరుతో పిలుస్తారో గమనించండి. శంషాబాద్, గన్నవరం, రేణిగుంట, మధురపూడి, ఓర్వకల్లు. టికెట్ మీద హైదరాబాద్, విజయవాడ, తిరుపతి, రాజమండ్రి, కర్నూలు అని ఉంటుంది. ఊరికీ ఎయిర్‌పోర్టుకీ మధ్య ఎంత దారి ఉందో ఆ పిలుపులోనే తెలుస్తుంది. టికెట్లకీ మీ పట్టికలకీ మాత్రం అది ఎక్కలేదు. విశాఖ ఒక్కటే ఇన్నాళ్లూ వేరుగా ఉంది, నేవీ వాళ్ల స్థలంలో, ఊళ్లోనే, ఎన్.ఏ.డి. జంక్షన్ పక్కనే ఉన్నట్టు ఉండేది. హుద్‌హుద్‌లో పైకప్పు ఎగిరిపోయినా మళ్లీ లేచి నిలబడిన ఎయిర్‌పోర్టు అది. ఇక ఇప్పుడు మనకీ ఒక పల్లె పేరు వస్తోంది, విశాఖకి కొత్త ఎయిర్‌పోర్టు వచ్చే భోగాపురం.

ఈ భోగాపురం సంగతి కోసమే అసలు నేను ఈ వయసులో ఇంత ఉత్తరం రాస్తున్నాను. విమానాలు అక్కడికి మారాక మీ పట్టికలో ఏం మారుతుంది? నేను లెక్క కట్టాను. శంషాబాద్ నుంచి భోగాపురానికి దారం లాగితే సుమారు 540 కిలోమీటర్లు, అంటే ఇప్పటికంటే ముప్ఫై ఎక్కువ. గాలిలో రెండు మూడు నిమిషాలు. మీరు మళ్లీ గంటా ఇరవై అనో, గంటా పాతిక అనో వేస్తారు, అదీ తప్పు కాదు. కానీ గాజువాక నుంచి భోగాపురం అరవై కిలోమీటర్ల పైమాటే. హైవే మీద వెళ్తే ఎన్.ఏ.డి., తాటిచెట్లపాలెం, మద్దిలపాలెం, ఇసుకతోట, హనుమంతవాక, ఎండాడ, కొమ్మాది, ఇన్ని జంక్షన్లు దాటి ఆనందపురం, తగరపువలస మీదుగా పోవాలి. సబ్బవరం వైపు నుంచి ఆనందపురం బైపాస్ పట్టుకుంటే సిగ్నళ్లు తప్పుతాయి, దూరం తగ్గదు. ఇవాళ పాతిక నిమిషాల్లో చేరేవాణ్ణి రేపు గంటన్నర ముందు ఇల్లు కదలాలి. అనకాపల్లి, పరవాడ, కూర్మన్నపాలెం, పెందుర్తి వాళ్లందరిదీ ఇదే కథ. శ్రీకాకుళం, విజయనగరం వాళ్లకి మాత్రం చాలా మేలు, మా తమ్ముడికి అరవై కిలోమీటర్లలో అయిపోతుంది, వాడు సంతోషపడుతున్నాడు, నేనూ వాడి కోసం సంతోషిస్తాను. కొత్త ఎయిర్‌పోర్టు రావాలి, నేవీ వాళ్ల వేళలకి లోబడి ఎన్నాళ్లు నడుపుతాం. రావద్దు అని కాదు నేను అంటున్నది.

హైదరాబాద్‌కి ఇది 2008లోనే జరిగింది. బేగంపేట మూసి శంషాబాద్ తెరిచారు. విశాఖ నుంచి బేగంపేటకి గాలిలో సుమారు 505 కిలోమీటర్లు, శంషాబాద్‌కి 510. ఐదు కిలోమీటర్ల తేడా, విమానానికి అర నిమిషం కూడా కాదు. కానీ మా అక్క వాళ్లకి బేగంపేట పది కిలోమీటర్లు ఉండేది, శంషాబాద్ నలభై దాటింది. ఆ రోజుల్లో బావగారు స్కూటర్ మీద వచ్చి నన్ను ఎయిర్‌పోర్టు బయట ఎక్కించుకుని వెళ్లేవారు. శంషాబాద్ తెరిచింది 2008 మార్చిలో, మెహదీపట్నం నుంచి ఆరాంఘర్ వైపు వేసిన పదకొండున్నర కిలోమీటర్ల పి.వి. ఎక్స్‌ప్రెస్ వే మొదలైంది 2009 అక్టోబరులో. ఆ ఏడాదిన్నరా జనం ఆ ఇరుకు రోడ్డులోనే ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని వెళ్లారు. మెట్రో కడతామని 2022 డిసెంబరులో రాయదుర్గం నుంచి శంకుస్థాపన చేశారు, ప్రభుత్వం మారాక ఆ దారి వద్దని వేరే దారి అన్నారు, శంషాబాద్‌కి మెట్రో ఇంకా లేదు. ఎయిర్‌పోర్టు ముందు తెరవడం, అక్కడికి వెళ్లే దారి తర్వాత ఆలోచించడం అంటే ఎలా ఉంటుందో మన కళ్ల ముందే ఉంది కదా. పుష్పక్ బస్సులు మాత్రం మంచి పని చేశాయి, తెల్లవారుజామున కూడా దొరుకుతాయి, నేను చాలాసార్లు ఎక్కాను. భోగాపురానికి అలాంటి బస్సులు మొదటి రోజు నుంచే గాజువాక నుంచి, అనకాపల్లి నుంచి, ద్వారకా బస్ స్టేషన్ నుంచి విమానాల వేళలకి నడపాలి. ఏ విమానానికి ఏ బస్సు అని ముందే అచ్చేయాలి. ఆర్టీసీ వాళ్లకి ఇది చేతకాని పని కాదు.

ఇంకో సంగతి, ఇది డబ్బుకి సంబంధించింది. ఈ కిలోమీటర్లు, నిమిషాలు ఊరికే తెలుసుకోవడానికి ఉన్నవి కావు, వాటి మీద మన హక్కులు ఆధారపడి ఉన్నాయి. 2025 డిసెంబరులో విమానాలు వందలకొద్దీ రద్దయి టికెట్ ధరలు ఆకాశానికి అంటినప్పుడు కేంద్రం ధరలకి పరిమితి పెట్టింది. 500 కిలోమీటర్ల వరకు 7,500 రూపాయలు, 500 నుంచి 1000 వరకు 12,000, పన్నులూ ఎయిర్‌పోర్టు ఛార్జీలూ కాకుండా. మన విశాఖ–హైదరాబాద్ 510. పది కిలోమీటర్ల తేడాతో రెండో మెట్టులో పడ్డాం, నాలుగువేల ఐదు వందల తేడా. అలాగే ముందుగా చెప్పకుండా విమానం రద్దు చేస్తే ఇచ్చే పరిహారం బ్లాక్ టైంని బట్టి ఉంటుంది, గంట వరకు 5,000, గంట నుంచి రెండు గంటల వరకు 7,500, రెండు దాటితే 10,000, లేదా మూల ఛార్జీ, ఇంధన ఛార్జీ కలిపి ఎంతైతే అంత, రెండిటిలో ఏది తక్కువైతే అది. ఆలస్యమైతే తిండి పెట్టాలన్న నియమం కూడా అంతే, రెండున్నర గంటల లోపు ప్రయాణానికి రెండు గంటలు ఆలస్యం దాటాక. మా రోజున ఆలస్యం అంతలేదు కాబట్టి అది మాకు వర్తించదు, సరే. 2017 ఏప్రిల్ 27న సిమ్లా–ఢిల్లీతో పాటు కడప–హైదరాబాద్ విమానం కూడా చిన్న ఊళ్లకి తక్కువ ధరకి విమానాలు నడిపే ఉడాన్ పథకం కింద మొదలైంది, ఆ పథకం కూడా గంట ప్రయాణానికి, సుమారు 500 కిలోమీటర్లకి 2,500 రూపాయలు అన్న లెక్క మీదే పుట్టింది. ఇన్నిటికి ఆధారమైన దూరం, టైం మన టికెట్ మీద స్పష్టంగా ఉండవద్దా? బయల్దేరే వేళ, చేరే వేళ ఉంటాయి, కిలోమీటర్లు ఉండవు. రైలు టికెట్ మీద ఎప్పటి నుంచో దూరం అచ్చు వేస్తున్నారు, ఎవరూ అడగకుండానే.

రెండు ఎయిర్‌పోర్టులు ఉన్నచోటే ఉన్నా టైం ఎలా మారిపోతుందో అమెరికాలో పిల్లలున్న తల్లిదండ్రులకి ఇంకా బాగా తెలుసు. 2025 ఏప్రిల్‌లో పాకిస్తాన్ తన గగనతలం మూసేశాక ఢిల్లీ నుంచి అటు వెళ్లే మన విమానాలు చుట్టు తిరిగి వెళ్లాల్సొచ్చింది, కొన్ని మధ్యలో ఇంధనం పోయించుకోవడానికి ఆగాయి. మా పక్కింటివాళ్లు కోడలి పురుడుకి వెళ్తూ ఆ తిప్పలు పడ్డారు. అక్కడ గంటలు గంటలే పెరిగాయి. పాత అంకెలే నెట్‌లో అలాగే కనిపిస్తుంటే వాళ్లు మధ్యలో మారాల్సిన విమానానికి ఎంత టైం పెట్టుకోవాలో ఎలా తెలుస్తుంది?

మిమ్మల్ని నేను అడిగేది పెద్దదేమీ కాదు. ఈసారి ఆ పట్టిక వేసినప్పుడు రెండు ఎయిర్‌పోర్టుల పక్కన ఇంకో గడి పెట్టండి, ఊరి మధ్య నుంచి ఊరి మధ్యకి మామూలు రోజున ఎంత, వానాకాలంలో ఎంత అని. మీ విలేకరులు ప్రతి ఊళ్లో ఉన్నారు, వాళ్లు ఒక నెల పాటు ప్రయాణికులని అడిగి రాస్తే చాలు, ఏ సంస్థనీ తప్పుపట్టక్కర్లేదు. విశాఖ వాళ్లకి గాజువాక నుంచి ఒకటి, మధురవాడ నుంచి ఒకటి విడిగా వేయండి, భోగాపురం వచ్చాక ఆ రెండిటికీ గంట తేడా ఉంటుంది. విమాన సంస్థలు టికెట్ మీద చేరే వేళ పక్కన, పోయిన మూడు నెలల్లో ఆ విమానం నిజంగా సగటున ఎప్పుడు చేరిందో వేయాలి, వాళ్ల దగ్గర ఆ లెక్క నిమిషాలతో సహా ఉంటుంది. డీజీసీఏ సమయపాలన లెక్కలు పెద్ద ఎయిర్‌పోర్టులకే కాకుండా విశాఖ, విజయవాడ, తిరుపతి లాంటి వాటికి కూడా విమానం వారీగా ఇవ్వాలి. మన ఎంపీలు ఈ మాట పార్లమెంటులో అడగాలి. పౌర విమానయాన మంత్రి శ్రీకాకుళం ఎంపీయే కదా, ఆయన ఇంటికి వెళ్లే దారిలోనే భోగాపురం ఉంది.

పరామర్శకి పరిగెత్తేవాళ్లు, ఆపరేషన్‌కి టైం ఇచ్చి రమ్మంటే వెళ్లేవాళ్లు, పరీక్షకి, ఇంటర్వ్యూకి వెళ్లే పిల్లలు, వీళ్లెవరూ సరదాకి విమానం ఎక్కరు. ఆ పిల్లల్లో చాలామంది మొదటిసారి ఎక్కేవాళ్లే, పదింటికి ఇంటర్వ్యూ ఉంటే ఎనిమిదికి దిగే విమానం చాలనుకుంటారు. శంషాబాద్ నుంచి హైటెక్ సిటీకి పొద్దున్న ఎనిమిదిన్నరకి రోడ్డు ఎలా ఉంటుందో వాళ్లకి ఎవరు చెప్తారు? నాకు అరవై రెండేళ్లు, పదేళ్లుగా తిరుగుతున్నాను, నేనే ఆ రోజు టెన్షన్‌లో ఆలోచించలేకపోయాను.

ఆగస్టులో అక్క సంవత్సరీకం. అప్పటికి విమానాలు ఇక్కడి నుంచి ఎగురుతాయో భోగాపురం నుంచి ఎగురుతాయో చూడాలి. మేం ముగ్గురం ముందు రోజు సాయంత్రం గోదావరికే వెళ్దామనుకున్నాం. పొద్దున్నే దిగి, స్నానాలు చేసి, పంతులుగారు వచ్చేసరికి ఇంట్లో ఉంటామని మేనల్లుడికి ఇప్పటికే చెప్పాను.

ఇట్లు,
ఒక పాఠకుడు,
గాజువాక, విశాఖపట్నం